కళ్ళు మూసుకుని

మా గుడిలో ఎవరినైనా తిట్టాలంటే కళ్ళు మూసుకుంటారు. వెటకారానికి అంటున్న మాట కాదిది, కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. ఎదురుపడి అనలేని మాట ఏదైనా ఉంటే ఆదివారం దాకా దాచుకుంటారు. పాస్టరుగారు "ఎవరైనా ప్రార్థన చేయండి" అనగానే లేచి, తలమీద కొంగు సర్దుకుని, కళ్ళు మూసుకుని, "తండ్రీ, కొందరు ఉన్నారు తండ్రీ" అని మొదలుపెడతారు. ఆ కొందరు ఎవరో అందరికీ తెలుసు. ఆ కొందరికి ఇంకా బాగా తెలుసు. కానీ లేచి "నన్నేగా నువ్వు అనేది" అని అడగడానికి లేదు, ఎందుకంటే చెప్పింది మనతో కాదు, దేవుడితో. అంతా విని చివర అందరితో పాటు ఆమేన్ అనాలి. తనకు పడ్డ తిట్టుకి తనే ఆమేన్ అనాల్సిన చోటు ఇంకెక్కడా ఉండదనుకుంటాను.

మాది నడికుడి. రైలు కట్టకి ఇవతల, రేకుల కప్పు వేసిన చిన్న క్రైస్తవుల గుడి. నాపరాళ్ళ నేల మీద చాపలు పరుచుకుని కూర్చుంటాం. రైల్వేలో చేసేవాళ్ళు, రాళ్ళ పాలిష్ యూనిట్లకి పోయేవాళ్ళు, మిరప కోతలకి పోయేవాళ్ళు, అంతా కలిపితే అరవై డెబ్భై మందిమి. ప్రార్థన మధ్యలో రైలు వచ్చిందంటే రేకులన్నీ గలగలలాడతాయి. అలవాటైన వాళ్ళు రైలు పోయేదాకా "స్తోత్రం, స్తోత్రం" అంటూ కాలక్షేపం చేసి, పోయాక అసలు మాట అందుకుంటారు. కొత్తవాళ్ళు రైలు మీద పోటీపడి అరుస్తారు. వాళ్ళు చెప్పింది దేవుడికి చేరుతుందేమో గానీ మాకు చేరదు.

నేను టైలర్ని. మెయిన్ రోడ్డు మీద చిన్న కొట్టు, ఒక మెషీను. ఆ గుడిలో నాకు పని ఒకటి ఉండేది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఆ రోజు అందరికీ తుంచి ఇచ్చే రొట్టె నేను చేసేదాన్ని. నాకంటే ముందు మా అత్త చేసేది. ఆమె వెల్దుర్తి నుంచి కాపురానికి వస్తూ తెచ్చుకున్న ఇనప పెనాన్ని గుడికి ఇచ్చేసింది. అంటే ఉండేది మా ఇంట్లోనే, కానీ దాని మీద ఇంకేమీ కాల్చడానికి లేదు. శనివారం మధ్యాహ్నం తలస్నానం చేసి, మైదాపిండి నీళ్ళతో గట్టిగా కలిపి, ఉప్పు లేకుండా పలుచగా వత్తి, చాకుతో గళ్ళు గీసి కాల్చాలి. పొంగకూడదు, మాడకూడదు. పాడితే నాకు శ్రుతి కలవదు. వాక్యం చెప్పమంటే నాలుక పిడచగట్టుకుపోతుంది. ఆ గుడిలో నేనంటూ ఒకదాన్ని ఉన్నానని చెప్పుకోవడానికి నాకున్నది ఆ రొట్టె ఒక్కటే. పదహారేళ్ళు చేశాను.

అప్పుడు కొత్త పాస్టరుగారు బదిలీ మీద వచ్చారు. పాస్టరుగారిని అయ్యగారని, ఆయన భార్యని అమ్మగారని పిలవడం మా వాడుక. ఈ అమ్మగారికి ముప్ఫై నిండాయో లేదో. బాపట్ల వైపు మనిషి, మేం ఏంది అంటే ఆమె ఏంటి అనేది. సన్నగా, చురుగ్గా ఉండేది. నన్ను అక్కా అని పిలిచేది. మాట కలుపుకోవడానికి మనిషి దొరికిందని మొదట్లో నాకూ బాగానే ఉండేది.

వచ్చిన మూడో నెలలో అనుకుంటాను, ఒక ఉదయం నాలుగు జాకెట్టు ముక్కలు తీసుకుని కొట్టుకి వచ్చింది. కొలతలు తీసుకున్నాను. వెళ్ళబోతూ ఆగింది.

"అక్కా, లోపల లైనింగుకి చిన్న జేబు పెడతావా?"

"జేబేందమ్మగారూ, జాకెట్టుకి? ఫోను పెట్టుకుంటారా ఏంది?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. పక్కన మెకానిక్కు భాయ్ కొట్టు వైపు ఒకసారి చూసి, నా ముందు గుప్పిట తెరిచింది. నల్లదారం చుట్టిన రాగి తాయెత్తు.

"మా అమ్మ తీసుకెళ్ళి కట్టించిందక్కా, దర్గాలో. పెళ్ళయి ఏడేళ్ళు. చుట్టాలందరూ అడుగుతూనే ఉన్నారు. మెళ్ళో వేసుకుంటే కనపడుతుంది. అయ్యగారికి తెలీదు. ఆయనకి తెలిస్తే నేనేం చెప్పుకోను? ఎవరికీ చెప్పకక్కా."

"నేనెందుకు చెప్తా," అన్నాను.

నిజంగానే చెప్పకూడదనే అనుకున్నాను. నాకది తప్పుగా కూడా అనిపించలేదు. భాయ్ చిన్నకూతురికి జ్వరమొస్తే నా దగ్గరికి తీసుకొచ్చి తలమీద చెయ్యి వేయించి ప్రార్థన చేయించుకుని పోతాడు. బిడ్డల కోసం ఎవరు ఏ గడప తొక్కినా నేను లెక్కలు అడిగే మనిషిని కాను. ఎడమ చంక కింద, లైనింగుకీ గుడ్డకీ మధ్య, బొటనవేలంత జేబు కుట్టాను. నాలుగు జాకెట్లకీ కుట్టాను. పైనుంచి చూస్తే కుట్టు కూడా కనపడదు. అంత బాగా కుదిరింది.

ఆ జేబు కుట్టిన రోజునే ఆమెకి నేను శత్రువునయ్యానని తర్వాత అర్థమైంది. నన్ను చూస్తే చాలు, ఆమె చెయ్యి ఎడమ పక్కకి పోయేది. నేను ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడుతుంటే ఆమె మొహం మాడిపోయేది. ఏం మాట్లాడుతున్నానో అని భయం. ఇచ్చిన మాట మీద నిలబడింది నేనైతే, అనుమానించేది ఆమె. నాకు ఒళ్ళు మండింది. కొన్నాళ్ళకి అక్క పోయి సిస్టర్ వచ్చింది. బయటివాళ్ళు సిస్టర్ అంటే ఏదో ప్రేమ అనుకుంటారు. మా గుడిలో అది మనిషిని దూరంగా నిలబెట్టే పిలుపు. అక్కని నువ్వు అనొచ్చు, సిస్టర్ని మీరు అనాలి.

అలా ఉండగా దసరా రోజులు వచ్చాయి. కిరాణా కొట్టు శెట్టిగారి భార్య ఒక జాకెట్టు అర్జెంటుగా కావాలని వచ్చి, కూడా ఒక స్టీలు డబ్బా నిండా చక్కెర పొంగలి తెచ్చింది. అది ప్రసాదమని నాకు తెలుసు. మామూలుగా అయితే "మేం తినం వదినా" అంటాను, ఆమె ఏమీ అనుకోదు, అరటిపండు ఇచ్చి పోతుంది. ఆ రోజు పొద్దుట్నుంచీ మెషీను దిగలేదు. మూడయింది. డబ్బా మూత తీస్తే నెయ్యి వాసన. మనసులో నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని తిన్నాను. సగం తిన్నానో లేదో గుమ్మంలో అమ్మగారు.

"ఏంటి సిస్టర్ అది?"

"పొంగలమ్మగారూ. శెట్టిగారింట్లోది. ప్రార్థన చేసుకునే తిన్నా. మీరూ ఓ ముద్ద తింటారా?"

చివరి మాట అనకుండా ఉండాల్సింది. అది నా నోటి దురద. తన జేబులో ఏముందో నాకు తెలుసన్న ధీమా ఆ మాటలో ఉంది, అది ఆమెకి వినపడింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కుట్టమని ఇచ్చిన ఇంకో జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి దాన్ని కూడా అడగలేదు.

ఆదివారం ప్రార్థనకి ఆమే లేచింది. "తండ్రీ, కొందరు ఉన్నారు తండ్రీ. నీ బల్లకి రొట్టె చేసే చేతులతోనే వేరే గిన్నెల్లో తింటున్నారు ప్రభువా. అడిగితే నవ్వుతున్నారు తండ్రీ. ఆ చేతుల్ని శుద్ధి చేయి. శుద్ధి అయ్యేదాకా నీ బల్ల దగ్గరికి రానివ్వకు తండ్రీ."

రొట్టె చేసే చేతులు ఆ గుడిలో నావి తప్ప ఇంకెవరివీ లేవు. ఆమె ఆమేన్ అంది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. అలవాటున వచ్చేసింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. మెత్తటి మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేడు. ఆ మెత్తదనమే నాకు పరమ అసహ్యం.

"అమ్మా, చాలా కాలం చేశావు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో."

"నేను అలిసిపోయానని ఎవరికన్నా చెప్పానా అయ్యగారూ?"

"ఇది శిక్ష కాదమ్మా. విశ్రాంతి."

మా దగ్గర తీసేయడాన్ని విశ్రాంతి అంటారు. ఇంకో చోట అయితే కారణం చెప్పి పంపిస్తారు, మనమూ నాలుగు మాటలు అని వస్తాం. ఇక్కడ కృతజ్ఞతలు చెప్పి పంపిస్తారు. మర్నాడు సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ముసలాయన, గుడి మంచిచెడ్డలన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పెనం ఇయ్యమ్మాయ్. గుడిదంటగా."

"మా అత్తది బాబాయ్."

"ఇచ్చేసిందిగా. నాకెందుకమ్మాయ్ ఈ గొడవ, తెమ్మన్నారు, వచ్చా."

ఇచ్చాను. పాత చీరముక్కలో చుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అత్త చనిపోయిన రోజున కూడా అంతసేపు ఏడవలేదు.

తర్వాతి మొదటి ఆదివారం రొట్టె అమ్మగారు చేసింది. ముక్క నోట్లో పెట్టుకోగానే ఉప్పు తగిలింది. చపాతీకి కలిపే అలవాటున వేసేసి ఉంటుంది. అడుగున మాడింది కూడా. ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నా వైపు చూశారు. నేను కళ్ళు దించుకుని, భక్తిగా నమిలి మింగాను. నా జీవితంలో అంత రుచిగా తిన్న రొట్టె లేదు. ఇక వాళ్ళే నన్ను పిలుస్తారని అనుకున్నాను. పిలవలేదు. ఆ మరుసటి నెలా ఆమే చేసింది. ఈసారి ఉప్పు లేదు, మాడలేదు. గళ్ళు కూడా వరసగా ఉన్నాయి. నేర్చేసుకుంది. నాకు భయం వేసింది.

ఆ రోజే అయ్యగారు, "స్త్రీలలో ఇద్దరు ప్రార్థన చేయండి" అన్నారు. అమ్మగారు లేచింది. "పాత చేతులు అపవిత్రమైతే కొత్త చేతుల్ని లేపావు తండ్రీ, నీకు స్తోత్రం," అంది. ఇంకా చాలా అంది. నాకు అది దాటి ఏమీ వినపడలేదు. ఆమె ఆమేన్ అనగానే నేను లేచాను. నేనెప్పుడూ పైకి ప్రార్థన చేసే మనిషిని కాను. అందరూ తలెత్తి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

"తండ్రీ, నా చేతులు తప్పు చేశాయి తండ్రీ, ఒప్పుకుంటున్నా," అని మొదలుపెట్టాను. అంతలో గుంటూరు వైపు వెళ్ళే రైలు వచ్చింది. రేకులు గలగలలాడాయి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ చప్పుడులోనే చెప్పేసి ఉంటే నా కోపం తీరిపోయేది, ఎవరికీ వినపడేది కాదు, ఈ రోజు ఇది రాయాల్సిన పని కూడా ఉండేది కాదు. నేను "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఆగాను. చివరి పెట్టె దాటి, రేకులు సద్దుమణిగి, ఎక్కడో కోడి అరుపు కూడా వినపడేంత నిశ్శబ్దం అయ్యేదాకా ఆగాను.

"నా చేతుల్ని చూసిన నువ్వు అందర్నీ చూడు తండ్రీ. కొందరు ఉన్నారు ప్రభువా. దర్గా మెట్లెక్కిన కాళ్ళని క్షమించు తండ్రీ. జాకెట్టు లోపలి జేబుల్లో తాయెత్తులు దాచుకుని నీ రొట్టె పట్టుకుంటున్నారు, కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పకుండా దాచుకుంటున్నారు, క్షమించు తండ్రీ. బిడ్డల్లేని బాధలో తెలియక చేశారు, ఆ గర్భాన్ని ఆశీర్వదించు తండ్రీ. ఆమేన్."

పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోవడం మా ప్రార్థనల మర్యాద. మా సంఘంలో పిల్లలు లేని కాపురం ఒక్కటే ఉంది. అందరూ ఆమేన్ అన్నారు. మగవాళ్ళ వైపు నుంచి, ఆడవాళ్ళ వైపు నుంచి, ముందు మైకులోంచి. కళ్ళు తెరిచి చూశాను. అమ్మగారి చెయ్యి ఎడమ చంక కింద ఉంది. తీయడం మర్చిపోయింది. ఇంకెవరికైనా ఏమైనా అనుమానం ఉంటే అది కూడా అప్పుడు తీరిపోయింది.

నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను. ఇంటికి వచ్చి చేపల పులుసు వండాను. మా ఆయన అన్నం తింటూ, "ఏందే, ప్రార్థన చేశావంట?" అన్నాడు.

"చేశా. అందరూ ఆమేన్ అన్నారు."

"ఆ పిల్ల నీకు చెప్పుకున్న మాటేగా అది," అని, కంచంలో చెయ్యి కడిగేశాడు. పులుసు సగం అలాగే మిగిలింది. ఆయన ముందు నాకు మొదటిసారి సిగ్గనిపించింది, ఆ సిగ్గు మీద ఇంకా కోపం వచ్చింది. మొదలుపెట్టింది ఆమె కాదా, నా చేతుల్ని అపవిత్రం అంది ఆమె కాదా అని ఆ వారమంతా మెషీను తొక్కుతూ నాతో నేనే వాదించుకున్నాను. ఆ వాదనలో ఇప్పటికీ నేనే గెలుస్తాను.

తర్వాత రెండు ఆదివారాలు అమ్మగారు గుడికి రాలేదు. ఒంట్లో బాగాలేదని అయ్యగారు చెప్పారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమె జాకెట్ల గురించి జోకులు వేసుకుంటుంటే నేను కూడా వినీ విననట్టు నిలబడ్డాను. సంఘపెద్ద పైవాళ్ళకి ఫోను చేశాడని విన్నాను. నెల తిరక్కుండా వాళ్ళకి బొల్లాపల్లి అవతల ఇంకా చిన్న సంఘానికి బదిలీ అయింది. వాళ్ళు పోయేముందు సంఘపెద్ద మళ్ళీ నా గుమ్మంలోకి వచ్చి, ఈసారి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, "ఇంక రొట్టె నువ్వే చేయమ్మాయ్" అన్నాడు. ఇప్పుడు నేనే చేస్తున్నాను. కొత్తగా వచ్చిన అమ్మగారు రొట్టె చాలా బాగుందని ప్రతి నెలా మెచ్చుకుంటుంది.

పెనం మాత్రం సంఘపెద్ద తేలేదు. ఆమే తెచ్చింది. బదిలీకి ముందు రోజు, పదకొండు గంటలప్పుడు, భాయ్ కొట్లో బండి ఏదో రైజ్ చేస్తుంటే ఆ మోతలో ఆమె వచ్చింది నేను గమనించలేదు. తలెత్తేసరికి ఎదురుగా ఉంది. పెనం అదే చీరముక్కలో చుట్టి ఉంది. శుభ్రంగా తోమి, నూనె రాసి తెచ్చింది. కూడా ఒక సంచి. సంచిలోంచి నాలుగు జాకెట్లు తీసి మెషీను మీద పెట్టింది.

"ఈ జేబులు విప్పేయండి," అంది.

బ్లేడు తీసుకున్నాను. ఒక్కో కుట్టు తెంపుతుంటే ఆమె బల్ల మీద కూర్చుని నా చేతుల వంక చూస్తోంది. జేబులు ఖాళీగా ఉన్నాయి. లైనింగు మీద తాయెత్తు ఒరుసుకున్న చోట పచ్చటి మరక ఉంది, రాగి మరక. అది నాలుగింటికీ ఉంది. రెండో జాకెట్టు విప్పుతుండగా ఆమె మాట్లాడింది.

"ఆ రోజు మైకులో ఆమేన్ అన్నది ఆయనే. ఏం విని అన్నాడో నేను అడగలేదు. ఆయన కూడా నన్నేమీ అడగలేదు. ఇద్దరం అన్నం తింటున్నాం, ప్రార్థన చేసుకుంటున్నాం. ఆ ఒక్క మాటా మాట్లాడుకోవట్లేదు."

గొంతులో ఏడుపు లేదు. ఏడిస్తే నాకు తేలికయ్యేది. క్షమించమని అడగాలనిపించింది, నిజంగా. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నాకు తెలిసిన దారి ఒక్కటే. బ్లేడు పక్కన పెట్టి, కొంగు తలమీదికి లాక్కున్నాను.

"ప్రార్థన చేసుకుందామా అమ్మగారూ?"

"వద్దక్కా," అంది. ఎన్నాళ్ళకో అక్కా అంది. "ఏం చెప్పాలో కళ్ళు తెరిచి చెప్పు."

ఆమె మొహంలోకి చూశాను. భాయ్ కొట్లో బండి ఆగిపోయింది. చప్పుడు ఏమీ లేదు, ఎవరూ లేరు, ఏ మాట అన్నా స్పష్టంగా వినపడేది. ఆమె అలాగే చూస్తూ కూర్చుంది, తొందర లేని మనిషిలా.

"గుడ్డ ఎక్కడా చిరగలేదమ్మగారూ," అన్నాను. "కుట్లు జాగ్రత్తగానే విప్పా."

ఆమె జాకెట్లు నాలుగూ మడతపెట్టి సంచిలో పెట్టుకుని, పెనం నా మెషీను మీదే వదిలేసి వెళ్ళిపోయింది.